ఒక్కపొద్దు బజ్జీలు

మా నాయన మూత్రానికి చీమలు పట్టాయి. మొదట చూసింది మా అమ్మ. పెరట్లో రాతిగోడ మూల, పొద్దున్నే పేడనీళ్లు చల్లబోతూ చూసి, చెంబు అక్కడే వదిలేసి లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చుండిపోయింది. ఏమైందని అడిగితే చెప్పదు. చివరికి నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించింది. గండుచీమలు, బెల్లం దిమ్మ పగిలిన చోట చేరినట్టు చేరి ఉన్నాయి. కన్నతండ్రి ఒంట్లోంచి తీపి కారిపోతోందని తెలిసిన ఆ పొద్దు నాకు దిమ్మ తిరిగిపోయింది. ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. నాయన మీద అసహ్యం వేసిందే అని భయం వేసింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది కర్నూలుకూ కడపకూ నడుమ ఉన్న ఊరు. తాలూకా కచేరీ, ఒక ఆసుపత్రి, ఒక హైస్కూలు, ఒక పంచాయతీ బోర్డు ఉండేవి. నాయనకు చెనిక్కాయల సేద్యం, దాంతోపాటు బోర్డు మెంబరు పదవి. నేను హైస్కూలు చదువు ముగించి, ఏ సంబంధం వస్తుందో అని ఇంట్లో కూర్చున్న పిల్లను. కూర్చున్నానన్న మాటే గానీ, ఆ ఇంట్లో నాయన గొంతు లేచిందంటే ఎవరూ కూర్చునే వాళ్లు కాదు. అంత గొంతు ఆయనది.

ఆసుపత్రి డాక్టరు పరీక్ష చేసి చక్కెర జబ్బు అన్నాడు. ఆయన మెతక మనిషి, తక్కువ మాట్లాడేవాడు. "రాత్రిపూట అన్నం మానెయ్యండి. చక్కెర, బెల్లం ముట్టొద్దు. కాలికి దెబ్బ తగలకుండా చూసుకోండి" అని మూడు మాటలు చెప్పి, సూదిమందు వేసి పంపించాడు. మా నాయన ఆ మాటలను తలకెక్కించుకున్న తీరు చూడాలి! ఇంటికి వస్తూనే బెల్లం కుండ తీసి పనివాళ్ల ఇళ్లకు పంపేశాడు. చక్కెర లేని కాఫీ తాగుతూ ముఖం ఎంత వికారంగా పెట్టేవాడంటే, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయేది. "నవ్వుకో, నవ్వుకో. మొగోడు మాట మీద నిలబడితే మీకు నవ్వులాటగా ఉండాది" అనేవాడు. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆ మాట నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా చెబుతాను.

ఇక రాత్రి అన్నం. మా ఇంట్లో రాత్రిపూట అన్నం మానడమంటే అందరికీ తెలిసిన పద్ధతి ఒకటే, ఒక్కపొద్దు. అమ్మ శనివారాలు ఉండేది, మా జేజి బతికినన్నాళ్లూ సోమవారాలు ఉండేది. మధ్యాహ్నం ఒక పూట అన్నం తిని, దీపాలు పెట్టిన తర్వాత స్నానం చేసి ఫలహారం చేస్తారు. ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, తగలకూడదు. ఎంగిలి తగలకూడదు. నిన్నటి నూనె పనికిరాదు. అమ్మ అన్నీ తెలిసిన మనిషి కాబట్టి డాక్టరు మాటను ఆ పద్ధతిలో పెట్టేసింది. వాళ్లు వారానికి ఒక దినం ఉండేది నాయన చేత అన్ని దినాలూ ఉండేట్టు చేసింది. జబ్బుకు జబ్బూ తగ్గుతుంది, పుణ్యానికి పుణ్యమూ వస్తుందని ఆమె నమ్మకం. నాకూ అదే నమ్మకం. ఎవరికి లేదు?

ఆసుపత్రి గేటు పక్కన ఒకాయన బజ్జీల అంగడి పెట్టుకుని ఉండేవాడు. ఊరంతటికీ ఆ అంగడి సాయంకాలం వాసనే గడియారం. ఆయనకు నాయనంటే గురి. నాయన ఒక్కపొద్దు సంగతి తెలిసినప్పటి నుంచి, సాయంత్రం పొయ్యి ముట్టించే ముందు స్నానం చేసి, బాణలి తోమి, కొత్త నూనె పోసి, తొలివాయి నాయన కోసమే వేసేవాడు. చింతపండూ వామూ కూరిన మిరపకాయ బజ్జీలు, బంగాళాదుంపతో ఉర్లగడ్డ బజ్జీలు. నానబెట్టిన బొరుగులకు ఎర్రగడ్డ వేయకుండా తాళింపు పెట్టి, పుట్నాల పొడి చల్లిన ఉగ్గాణి. అన్నీ మోదుగాకు విస్తట్లో కట్టి, ఎవరికీ తగలకుండా చేతులు ముందుకు చాపి పట్టుకుని మా గడప దాకా తెచ్చేవాడు. "వదినా, తొలివాయి. ఇంకా ఎవురికీ పెట్టలేదు" అని అమ్మ చేతికిచ్చి, వెనక్కి అడుగులు వేసుకుంటూ పోయేవాడు.

నాయన పీట మీద కూర్చుని, మాట్లాడకుండా, కింద ఒక్క బొరుగు కూడా రాలకుండా తినేవాడు. చివర్లో అరటిపండ్లు. ఎండాకాలమైతే బనగానపల్లె నుంచి గడ్డి పరిచిన గంపలో వచ్చే మామిడిపండ్లు. ఫలహారమంటేనే పండ్లు కదా! అమ్మ టెంక దాకా కోసి, తినే దాకా పక్కనే నిలబడి విసనకర్రతో విసిరేది. చక్కెర డబ్బా వైపు చూసినా చేయి పట్టుకునే ఆ మనిషే, పండు ముక్క మిగిలితే బతిమాలి తినిపించేది. "పొద్దున్నుంచి ఒక్క పూటే గదా తిన్నావు, ఇది గుడక తినకుంటే సోష వచ్చి పడిపోతావు" అనేది.

ఊళ్లో నాయన పేరు మోగిపోయింది. నోరు కట్టుకోవడమంటే ఆయన్ని చూసి నేర్చుకోవాలని పెద్దలు పిల్లలకు చెప్పేవాళ్లు. అమ్మ కొళాయి దగ్గర బిందె ఎత్తుకుంటూ కూడా కాస్త తల పైకెత్తే ఉండేది.

ఆ ఎండాకాలమే కొత్త చెప్పు కరిచి నాయన కుడికాలి బొటనవేలి పక్క పొక్కింది. పొక్కు పగిలింది, పుండైంది. వేపాకు నూరి కట్టాం, పసుపు పెట్టాం, మానలేదు. డాక్టరు దగ్గరికి పోతే కట్టు కట్టి అడిగాడు.

"రాత్రి అన్నం తింటున్నారా?"

"ఒక్క మెతుకు ముట్టలేదు."

"తీపి?"

"మా ఇంట్లో బెల్లం వాసనే లేదు, వచ్చి చూడు."

నాయన చెప్పిన దాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల గోడకు కొట్టుకోవాలనిపిస్తుంది.

అప్పుడే మా ఊరికి ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా మనిషి, కుర్రవాడు, మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ'. వచ్చీ రాగానే బోర్డు ముందు ఒక తీర్మానం పెట్టించాడు. తినుబండారాలు జాలీ బీరువాల్లో పెట్టి అమ్మాలి, మాడిన నూనె ఏ రోజుది ఆ రోజు పారబోయాలి, ఆసుపత్రి గేటు దగ్గర నూనెలో వేయించినవి అసలు అమ్మకూడదు. చివరిది విని ఊరు ఊరంతా నవ్వింది. బజ్జీల ఆయన మాత్రం నవ్వలేదు. మా అరుగు మీదికి వచ్చి కూర్చుని, "నేనేం పాపం చేసినా అన్నా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాయన ఆయన భుజం తట్టి పంపించాడు.

బోర్డు కూడేది మా ఇంటి గోడ పక్క చావిట్లో. కిటికీ తెరిస్తే అన్నీ వినపడేవి. నాయన మాట్లాడబోతున్నాడని అమ్మా నేనూ పని వదిలేసి గోడకు ఆనుకుని నిలబడ్డాం. మొదట ఇన్‌స్పెక్టరు గొంతు. "ఆసుపత్రిలో పడుకున్న వాళ్లు గేటు దాకా కుంటుకుంటూ వచ్చి ఇవే తింటున్నారండీ. లోపల మందు, బయట ఇది. ఎలా తగ్గుతుందండీ?"

తర్వాత మా నాయన లేచాడు. లేచినట్టు గోడవతల ఉన్న మాక్కూడా తెలిసింది.

"ఏమప్పా, నువ్వు చెప్పేది యాడన్నా ఉండాదా? దేశానికి సొతంత్రం వచ్చింది మన నోళ్లకు తాళాలేసుకునేదానికా? అంగట్లో ఉండేది అంగట్లో ఉంటాది. తినేటోనికి బుద్ధి ఉండల్ల. నన్ను చూడు. నాకు శానా ముదిరిన చక్కెర జబ్బు ఉండాది. డాక్టరు అన్నం మానమన్యాడు, మానినా. తీపి మానమన్యాడు, మానినా. నాకు ఏ సర్కారు చెప్పింది? ఏ జవాను నా ఇంటి ముందర కాపలా ఉండాడు? నా బుద్ధే నాకు సర్కారు. ఆ గరీబోని పొయ్యి ఆర్పితే నీ రోగులకు బుద్ధి వస్తాదా?"

చావిడి చప్పట్లతో మోగిపోయింది. తీర్మానం వీగిపోయింది. అమ్మ నా వైపు చూసి, "ఇన్యావా మీ నాయన మాట?" అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఆ సాయంత్రం బజ్జీల ఆయన తొలివాయితో పాటు మూరెడు మల్లెపూలు కూడా తెచ్చి అమ్మకు ఇచ్చాడు. నాయన కుంటుతూ వచ్చి పీట మీద కూర్చున్నాడు. గర్వం కళ్లు కప్పేసి ఆ కుంటును మేమెవరం పట్టించుకోలేదు.

వానలు పడే నాటికి బొటనవేలు నల్లబడింది. గదిలోకి పోతే వాసన వచ్చేది. డాక్టరు చూసి ఆసుపత్రిలో చేరమన్నాడు. మంచం కిటికీ పక్కన వేశారు. కిటికీలోంచి గేటు, గేటు పక్కన బజ్జీల అంగడి కనిపించేవి. నాయన సంతోషించాడు, తెలిసిన మనిషి కళ్లెదుట ఉన్నాడని.

సూదులు పొడుస్తున్నా జబ్బు దిగడం లేదని డాక్టరు తల పట్టుకున్నాడు. ఆయనకు అంతుపట్టలేదు. పొద్దున వచ్చి చూసేవాడు, మధ్యాహ్నం వచ్చి చూసేవాడు. ఒక రోజు మాత్రం, ఏమనుకున్నాడో, దీపాలు పెట్టే వేళకు వచ్చాడు.

ఆ వేళకు అమ్మ స్నానం చేసి, తడి వెంట్రుకలు ముడి వేసుకుని, నాయన మంచం పక్క నేల తుడిచి విస్తరి వేసింది. బజ్జీల ఆయన గేటు దాటి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, పొట్లం రెండు చేతులతో ముందుకు పట్టుకుని. నేను అరటిపండ్లు వొలుస్తున్నాను. డాక్టరు లోపలికి వచ్చి ఆ పొట్లం చూశాడు. విస్తరి చూశాడు. నా చేతిలో పండు చూశాడు.

"ఇదేంటమ్మా?"

"ఫలహారం సామీ" అంది అమ్మ. "ఒక్కపొద్దు గదా."

"రోజూనా?"

"దినామూ. ఎర్రగడ్డ గుడక లేదు. కొత్త నూనె. తొలివాయి."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు అన్నం మానమని చెప్పినప్పటి నుంచి సామీ."

అమ్మ ఆ మాట ఎంత వినయంగా చెప్పిందో! మెచ్చుకుంటాడేమో అన్నట్టు ముఖం పైకెత్తి చూసింది. డాక్టరు కుర్చీ వెతుక్కుని కూర్చుండిపోయాడు. ఆ మెతక మనిషి నోట్లోంచి అప్పుడు వచ్చిన మాటలు నేను ఒక్కటీ మరిచిపోలేదు. అన్నం మానమంటే ఇదా మీరు పెట్టింది? ఇది అన్నం కంటే ఎక్కువమ్మా. ఆ పండ్లలో ఉన్నది చక్కెర కాదా? బొరుగులు బియ్యంలోంచి రాలేదా? ఆ ఉర్లగడ్డలు, ఆ శనగపిండి, ఆ నూనె, రోజూ రాత్రి కడుపునిండా పెట్టి, పొద్దున నా దగ్గరికి పంపించి మందు పొడవమంటున్నారా? అరుస్తూ అరుస్తూ గొంతు పడిపోయి, "నేనన్నా అడిగి ఉండాల్సింది. నేనన్నా అడగలేదు" అని తల దించుకున్నాడు.

ఇన్నాళ్లూ మేము పెట్టింది ఇదా? విసనకర్రతో విసురుతూ, బతిమాలుతూ, టెంక దాకా కోసి మా నాయనకు మేము పెట్టింది ఇదా? అమ్మ కింద కూర్చుని విస్తరిని చేత్తో నలిపేస్తూ ఉంది, ఆకు ముక్కలు ముక్కలయ్యే దాకా. బజ్జీల ఆయన పొట్లం కింద పెట్టడానికీ లేక, పట్టుకోవడానికీ లేక అట్లాగే ఉన్నాడు.

అప్పుడు నాయన మాట్లాడాడు. ఆ గొంతులో అరుపు లేదు. చావిట్లో విన్న గొంతు కాదది.

"బుద్ధి లేక తిన్యానా నేను? బుద్ధిగానే తిన్యా గదప్పా."

డాక్టరు లేచి పుండు కట్టు మళ్లీ విప్పి చూశాడు.

కర్నూలు తీసుకుపొమ్మన్నారు. అక్కడ మోకాటి కింద దాకా కాలు తీసేశారు. ఆ నాళ్ల గురించి నేను రాయలేను. దుప్పటి కింద రెండు కాళ్లు ఉండాల్సిన చోట ఒక కాలే ఎత్తుగా కనిపించడం చూసి వరండాలోకి పోయి వాంతి చేసుకున్నాను. అదొక్కటే చెప్పగలను. అమ్మ మాత్రం మంచం వదల్లేదు. వదల్లేదు గానీ, అప్పటి నుంచి తన చేత్తో నాయనకు ఏదీ పెట్టలేదు. గంజి గిన్నె కూడా నా చేతికిచ్చి, "నువ్వు పెట్టు పాపా. నా చేతుల్ని నేనే నమ్మను" అనేది.

పుండు మానే దాకా మా ఊరి ఆసుపత్రిలోనే కట్లు కట్టించుకోవచ్చని పంపించారు. మళ్లీ అదే గది, అదే కిటికీ. సాయంత్రమయ్యేసరికి గేటు వైపు నుంచి వేడి నూనె, వాము వాసన వచ్చింది. నాయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నోట్లో నీళ్లూరి మింగుతూ ఉంటే గొంతు కదలడం కనిపించేది. పక్క మంచం మీద ఒంటినిండా వాపు ఉన్న ముసలాయన కర్ర పట్టుకుని లేచి, గేటు దాకా పోయి పొట్లం తెచ్చుకుని, దుప్పటి కప్పుకుని తిన్నాడు. డాక్టరు ఆయనకు ఉప్పు కూడా మానమన్నాడని మాకు తెలుసు. నాయన ఆ మనిషినే చూస్తూ ఉండిపోయాడు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు చూడటానికి వచ్చాడు. తన తీర్మానాన్ని నవ్వులపాలు చేసిన మనిషిని చూడటానికి రావలసిన పని ఆయనకు లేదు. అయినా వచ్చాడు, స్టూలు అంచున కూర్చుని ఎలా ఉందని అడిగాడు. నాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఆ అంగడి ఆడినుంచి ఎత్తించు. ఈ వాసనకు ఈడ ఎవురూ బాగుపడరు. నేను చెప్తాండా గదా, ఎత్తించు."

ఆయన తల దించుకున్నాడు. "ఏ అధికారంతో ఎత్తించమంటారండీ? తీర్మానం పోయింది కదండీ."

పోగొట్టింది ఎవరో ఆయన అనలేదు. అనకపోవడమే నాయనకు ఎక్కువ తగిలింది. "మళ్లీ పెట్టు. నన్ను కుర్చీలో ఎత్తుకోని పోండి, నేను మాట్లాడ్తా" అన్నాడు. ఇన్‌స్పెక్టరు చాలా నెమ్మదిగా, పోయినవారం తాను కదిపి చూశానని, మెంబర్లు నాయన మాటలే నాయనకంటే బాగా చెప్పారని, తినేటోనికి బుద్ధి ఉండాలన్న మాట ఇప్పుడు ఊళ్లో అందరి నోటా ఉందని చెప్పాడు. నాయన చెయ్యి వదిలేశాడు.

ఆ మాటలు గుమ్మం బయట నిలబడి బజ్జీల ఆయన విన్నాడు. కర్నూలు నుంచి వచ్చామని తెలిసి చూడటానికి వచ్చాడట, లోపలికి రావడానికి ధైర్యం చాల్లేదట. మరునాడు పొద్దున చూస్తే గేటు పక్కన పొయ్యి లేదు. రాళ్లు కూడా తీసుకుపోయాడు. ఎవరూ పొమ్మనలేదు, ఏ కాగితమూ రాలేదు. సంతపేట అవతల, జనం అంతగా తిరగని చోట పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. నాయనకు చెప్తే కళ్లు మూసుకుని, "మనిషప్పా వాడు" అన్నాడు. ఆ సాయంత్రం కిటికీలోంచి వేపచెట్టు గాలి తప్ప ఇంకేమీ రాలేదు. నాయన గంజి తాగి, చాలా నాళ్ల తర్వాత నిద్రపోయాడు. అమ్మ నాకేసి చూసి నవ్వబోయింది.

నాలుగు దినాలు గడిచాయో లేదో, గేటు పక్కన నల్లబడి ఉన్న ఆ చోటనే ఎవరో కొత్త మనిషి వచ్చి పొయ్యి పెట్టాడు. మా ఊరివాడు కూడా కాదు. అంత మంచి చోటు ఖాళీగా ఉంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? దీపాలు పెట్టే వేళకు బాణలిలో పిండి పడిన చప్పుడు లోపలికి వినిపించింది. పక్క మంచం ముసలాయన కర్ర కోసం తడుముకున్నాడు.

నాయన దుప్పటి ముక్కు దాకా లాక్కున్నాడు.

"కిటికీ ముయ్ పాపా" అన్నాడు.